పనిముట్టు

ఆ ఎండాకాలం, ఉగాది పోయి వారమైనా కాకముందే, మా చిన్నాయన తిప్పన్న గొడ్డలి తీసుకొచ్చి మా మోటారు స్టార్టర్ పెట్టెను మూడు దెబ్బలకు ముక్కలు చేశాడు. నాలుగో దెబ్బ అడ్డం పోయిన మా అమ్మ మోచేతి మీద పడింది. గొడ్డలి తిరగేసి పట్టుకున్నాడు కాబట్టి ఎముక చిట్లడంతో పోయింది.

బోరు అన్నదమ్ములిద్దరిదీ. బత్తాయిని మా వైపు చీనీ అంటారు. మూడు రోజులు మా చీనీ చెట్లకు, మూడు రోజులు వాళ్ల చీనీ చెట్లకు. ఆ ఏడు రెండంగుళాల నీళ్లు అరంగుళానికి వచ్చాయి. మా నాయన నరసింహప్ప, చిన్నాయన వంతులో రెండో రోజే పెట్టెకు తాళం వేశాడు. ఈ మాట ముందే చెప్పాలి. తప్పు మొదట మాదే.

"ఎవరినడిగి తాళం ఏసినావన్నా?" అని చిన్నాయన అరిచాడు. "రెండొందల చెట్లు. బిడ్డల్ని సాకినట్ల సాకినా. ఎండి కట్టెలైపోతాండాయి."

"నీళ్లు లేవప్పా. ఉండేవి నా చెట్లకే చాలవు."

"నీకు కండ్లే లేవు. చెట్లు ఎండినాయో పచ్చగుండాయో నీకేం తెలుస్తాది?"

నాయన ఆ గొంతు వచ్చిన దిక్కుకు పిడికిలి బిగించి దూకాడు. చిన్నాయన ఒక్క అడుగు పక్కకు జరిగాడు. నాయన పోయి పగిలిన పెట్టె మీద బోర్లా పడ్డాడు. నుదురు చీరుకుంది. రాళ్ల క్వారీలో మందు పేలి నాయన చూపు పోయి అప్పటికి రెండేళ్లు. తమ్ముడు ఆ మాట నోరు తెరిచి అనడం అదే మొదటిసారి.

నేను అప్పుడు కొత్తచెరువులో ఎరువుల అంగడి మీది అంతస్తులో పని చేస్తున్నాను. ఊళ్లో దాన్ని ఫోటోల ఆఫీసు అనేవాళ్లు. పద్నాలుగు మంది ఆడపిల్లలం కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లం. తెర మీద ఒక ఫోటో వస్తుంది. అందులో ఏముందో ఒక్క వాక్యంలో తెలుగులో రాయాలి. 'ఆడమనిషి కుళాయి కింద బిందె పెట్టింది.' 'ఇద్దరు మనుషులు ఎద్దును తోలుకుపోతున్నారు.' మేము రాసిన వాక్యాలన్నీ బెంగళూరుకు పోతాయి. అక్కడ వాటితో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు చదువు నేర్పుతారు. చూపు లేనివాళ్లు ఫోను జేబులో పెట్టుకుంటే, ఎదురుగా ఏముందో అది చూసి చెవిలో చెప్పాలి. అదీ మా పని.

మా ఇన్‌చార్జి ఉదయ్ కుమార్ నాయన సంగతి విని ఒక ఫోను ఇచ్చాడు. అమ్మ నాయన చొక్కా జేబుకు రూపాయి బిళ్లంత కంత కోసి, చుట్టూ కుట్టు వేసింది. కెమెరా ఆ కంతలోంచి చూసేది. ఫోను ప్రతి వాక్యాన్నీ, అది చెప్పిన టైముతో సహా, రాసి పెట్టుకునేది కూడా.

నాలుగో రోజు నాయన మోకాలు చీలి, పంచె రక్తమై ఇంటికి వచ్చాడు. రోడ్డు మీద మోటారు సైకిలు గుద్దింది.

"నన్ను గుద్దేసి వాడు బజారు దాటినాక చెప్పినాది నీ ఫోను, బండి వస్తాండాదని," అన్నాడు. "నేను కింద పడి మట్టి కరుస్తాంటే చెవులో చెప్తాండాది, మోటారు సైకిల్ వస్తోంది, మోటారు సైకిల్ వస్తోంది అని. నీ యంత్రానికి అంత నిదానమైతే నా బతుక్కి చాలదు పాపా. బిన్నా చెప్పమను దాన్ని."

మరుసటి రోజు నేను అదే మాట ఉదయ్ కుమార్‌తో చెప్పాను. ఫిర్యాదు నాయనదొక్కటే కాదట. కణేకల్ వైపు ఒకాయన కాలువలో పడ్డాడట. యంత్రం ఫోటో చూసి వాక్యం చెప్పడానికి ఏడు సెకన్లు పట్టేది. ఎందుకో ఉదయ్ కుమార్ బోర్డు మీద రాసి చూపించాడు. అది ముందు ఒక మాట వెతుక్కుంటుంది. ఆ మాటను పట్టుకుని మళ్లీ ఫోటో అంతా చూసి రెండో మాట. ఆ రెండింటినీ పట్టుకుని మూడోది. ఇలా మాట వెనక మాట.

"ఇప్పుడు వాక్యంలోని మాటలన్నీ ఒక్క దెబ్బకు చెప్పేట్ల మారుస్తాండారు," అన్నాడు. "ఫోటోను బెంగళూరుకు పంపకుండా ఫోనులోనే పని అయిపోతాది. ఫోటో దాచి పెట్టేది కూడా ఉండదు. ఒక్క సెకను చాలు."

మొదట వచ్చినదాన్ని చూసి అందరం నవ్వాం. 'మనిషి మనిషి నీళ్లు బిందె బిందె' అనేది. ఒక మాటకు ఇంకో మాట ఏం చెబుతోందో తెలియక రెండూ ఒకటే చెప్పేవి. మేము మూడు వారాలు దిద్దాం. గాడిలో పడింది. అయినా రెండున్నర సెకన్లు పడుతోంది. అప్పుడు బెంగళూరు నుంచి కబురు వచ్చింది, మాటలు తగ్గించమని. తొమ్మిది వేల మాటల్లోంచి వెతికే చోట రెండు వేలుంటే యంత్రం చిన్నదవుతుంది, పరిగెత్తుతుంది.

మాటల పట్టీ తలా కొంత పంచారు. నాకు చేతిలో పట్టుకునే వస్తువులు వచ్చాయి. పార, గడ్డపార, గొడ్డలి, కొడవలి, వేటకొడవలి, కత్తి, సుత్తి, చీపురు. నలభై ఏడు మాటలు.

"వీటన్నిటికీ ఒక్క మాట పెట్టు," అన్నాడు ఉదయ్ కుమార్.

"పారకూ కొడవలికీ ఒకే మాటా అన్నా?"

"ఎదురుగా మనిషి ఉన్నాడు, చేతిలో ఏదో ఉండాది. అంత తెలిస్తే పక్కకు తప్పుకుంటారు. నీ నాయన అడిగినాడు కదా బిన్నా కావాలని."

మధ్యాహ్నం లోపల పట్టీ పంపాలి. నలభై ఏడు మాటల పక్కన 'పనిముట్టు' అని రాసి, కింద సువర్ణ అని నా పేరు, తేదీ వేసి పంపేశాను.

యంత్రం ఒక్క సెకనుకు వచ్చింది.

నాయన మారిపోయాడు. కట్టె నేల మీద తడుముతూ నడిచే మనిషి తలెత్తి నడవసాగాడు. బజారులో ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ముందుగా తనే పలకరించాడు. స్టార్టర్ కొత్తది పెట్టించి, మోటారు షెడ్డుకు ఒక్కడే పోయి రావడం మొదలుపెట్టాడు. ఒకరోజు చిన్నాయన భార్య అంజనమ్మ కుక్కను ఉసిగొల్పింది. 'కుక్క వస్తోంది' అని ఫోను చెప్పడం, నాయన కట్టె తిప్పి కొట్టడం ఒక్కసారే అయ్యాయి. కుక్క దవడ విరిగింది. అది ఊళలు పెడుతూ రెండు రోజులు వాళ్ల వాకిట్లో పడుండి చచ్చింది. నాయన ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నాడు.

"నా కూతురు నాకు కండ్లు చేయించినాదప్పా," అనేవాడు.

అంజనమ్మ కుక్కను తీసుకుపోయి వాళ్ల ఎండిన చీనీ చెట్ల మధ్య పూడ్చింది. అప్పటికి వాళ్లవి సగం చెట్లు పోయాయి. కొత్త స్టార్టర్‌కు కూడా తాళం మాదే.

మే నెల మూడో ఆదివారం. ఎండ నెత్తి మీద నిలబడింది. ఆ రోజు కాలువ పూడిక తీయడానికి యేసన్న అనే కూలీని రమ్మన్నాం. పార తీసుకుని పన్నెండు దాటినాక వస్తానన్నాడు. నాయన షెడ్డు ముందు రాతి మీద కూర్చుని అతని కోసం చూస్తున్నాడు. నేను సంగటి గిన్నె పట్టుకుని గట్టు మీద నడుస్తున్నాను. ఇంకా రెండు వందల అడుగుల దూరం ఉంది.

షెడ్డు అవతల వైపు నుంచి ఎవరో వచ్చారు. నాకు తల మాత్రమే కనపడింది. నాయన లేచి నిలబడ్డాడు. నవ్వాడు. కుడి చెయ్యి ముందుకు చాచాడు.

"రాప్పా యేసన్నా, ఇంత ఎండలో వచ్చినావు. రా, నీడన కూచో."

వేటకొడవలి ఆ చేతి మీదే దిగింది.

నేను కేకపెట్టానో లేదో తెలియదు. గిన్నె చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు. నేను పరిగెత్తి చేరేలోపల రెండో వేటు భుజం మీద పడింది, మూడోది వీపు మీద. నాయన మోకాళ్ల మీద కూలబడి, తెగి వేలాడుతున్న చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, "యేసన్నా, నేనప్పా, నేను నరసింహప్పను" అంటున్నాడు. అప్పటికీ కొడుతున్నది ఎవరో ఆయనకు తెలియదు. చిన్నాయన ఒక్క మాట మాట్లాడలేదు. ముఖం మీద చెమట, రక్తం కలిసి కారుతున్నాయి. నాలుగో వేటుకు చెయ్యి ఎత్తినప్పుడు నేను మట్టి పెళ్ల తీసి ఆయన ముఖం మీద కొట్టాను. అది కళ్లలో పడింది. చిన్నాయన కళ్లు తుడుచుకుంటూ గుడ్డిగా ఇంకో రెండు సార్లు గాలిలో కొడవలి తిప్పి, వెనక్కి తిరిగి చెట్లలోకి పరిగెత్తాడు.

యేసన్న అప్పుడు వచ్చాడు. పార కింద పడేసి, తన తువ్వాలు తీసి నాయన మణికట్టుకు బిగించి కట్టాడు. ట్రాక్టరులో తీసుకుపోతుంటే నాయన జేబులో ఫోను చెబుతూనే ఉంది. 'మనిషి. ఆకాశం. మనిషి.' నేను దాన్ని లాగి ఆపేశాను.

అనంతపురం పెద్దాసుపత్రిలో కుడి చెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు. భుజానికి పద్దెనిమిది కుట్లు.

చిన్నాయన రెండో రోజు తనే స్టేషన్‌కు పోయి లొంగిపోయాడు. ఆయన చెప్పింది వేరు. తన వంతు నీళ్లకు కాలువ తెరుచుకోవడానికి పార పట్టుకుని పోయాడట. అన్నే తన మీద పడి కొట్టాడట. పెనుగులాటలో పార తగిలిందట. వేటకొడవలి ఎక్కడా దొరకలేదు. యేసన్న వచ్చేసరికి ఆయన చెట్లలోకి పోయాడు కాబట్టి, చేతిలో ఏముందో యేసన్న చూడలేదు.

"నేను చూసినాను సార్," అన్నాను ఎస్సైతో.

"నువ్వు కూతురివమ్మా. నువ్వట్లే చెప్తావు, తిప్పన్న పెండ్లాము ఇంకోలా చెప్తాది." ఆయన మా నాయన ఫోను తీసి నా ముందు పెట్టాడు. "ఇది ఎవరి చుట్టమూ కాదు. ఫోటో లేదు, మాటలుండాయి. చదువు."

చదివాను. పన్నెండు గంటల నలభై ఒక్క నిమిషానికి: 'మనిషి పనిముట్టు పట్టుకుని వస్తున్నాడు.'

"పనిముట్టు అంటే పారనే కదమ్మా? కొడవలి అయితే కొడవలి అనే చెప్పును."

నిజం చెప్పాల్సిన చోటు అదే. చెప్పలేదు. తాగడానికి నీళ్లు అడిగి, తాగి, బయటకు వచ్చేశాను. హత్యాయత్నం కాస్తా కొట్లాటలో గాయమైన కేసుగా మారింది. జూన్ మొదటి వారంలో చిన్నాయనకు బెయిలు దొరికింది.

అప్పటికి మా అన్న శశి వచ్చి ఇంట్లోనే ఉన్నాడు. చీనీ లారీ మీద డ్రైవరు. ఆసుపత్రిలో నాయనను చూసినప్పటి నుంచి మాట తగ్గించేశాడు. చిన్నాయన ఊళ్లోకి వచ్చిన రోజు పొద్దున వాకిట్లో కూర్చుని గొడ్డలి నూరాడు. అమ్మ కట్టు కట్టిన చేత్తో పక్కన నిలబడి చూసింది.

"పో," అంది అమ్మ. "నా చెయ్యి బాగుంటే నేనే పోదును. ఇంగ నువ్వు పో."

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"పక్కకు జరుగు సువర్ణా."

"నరకాలంటే చిన్నాయననొక్కడినే కాదన్నా. మొదట నన్ను నరుకు."

"ఏం మాట్లాడతాండావే?"

చెప్పాను. నలభై ఏడు మాటల సంగతి. పారకూ కొడవలికీ ఒకే పేరు పెట్టింది నేనని. ఫోను పనిముట్టు అన్నందుకే నాయన యేసన్న అనుకుని చెయ్యి చాచాడని. ఎస్సై అడిగినప్పుడు నోరు మూసుకుని వచ్చేశానని. అన్నకు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు. రెండోసారి చెబుతుండగానే కొట్టాడు.

తల తలుపు చెక్కకు తగిలింది. ఎడమ చెవిలో ఏదో పగిలినట్టు మోత. మెడ మీద తడి. కింద పడ్డదాన్ని జుట్టు పట్టి లేపి మళ్లీ కొట్టాడు. అమ్మ అడ్డు రాలేదు. గొడ్డలి ఇంకా అన్న ఎడమ చేతిలోనే ఉంది. మూడోసారి పిడికిలి ఎత్తాడు. లోపల మంచం మీద పడుకున్న నాయన గోడ తడుముకుంటూ ఎప్పుడు వచ్చాడో మాకు తెలియదు. నా అరుపు వచ్చిన చోటికి వచ్చి, మా ఇద్దరి నడుమ, కట్టు కట్టిన ఆ మొండి చెయ్యి పెట్టాడు.

అన్న పిడికిలి దాని మీద పడింది.

నాయన అరిచిన అరుపు నేను ఇంకెప్పుడూ వినలేదు. బోరు కాడ తెగినప్పుడు కూడా అట్లా అరవలేదు. కట్టు ఎర్రబడింది. ఎరుపు మోచేతి దాకా జారింది. అన్న గొడ్డలి వదిలేసి కింద కూలబడి, నాయన కాళ్లు పట్టుకుని, పసిబిడ్డ లాగా ఏడ్చాడు. అమ్మ వచ్చి గొడ్డలి తీసి గడ్డివామిలో పారేసింది. ఆ రోజు అన్న ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత కూడా పోలేదు.

మరుసటి రోజు చెవిలో దూది పెట్టుకుని ఆఫీసుకు పోయాను. నేను పంపిన పట్టీ తెరిచి కాగితం మీద తీశాను. ఉదయ్ కుమార్ వెనక నిలబడి చూశాడు.

"ఆఫీసు కాగితాలు బయటకు ఇవ్వనని సంతకం పెట్టినావు కదమ్మా."

"పెట్టినానన్నా."

"నిన్ను ఈరోజే తీసేస్తారు. బెంగళూరు వాళ్లకు కోపమొస్తే ఈ ఆఫీసే మూసేస్తారు. పదమూడు మంది పిల్లలుండారు ఈడ. ఇంటికి సంపాదించి పెట్టేది నువ్వొక్కదానివే అనుకున్నావా?"

నేను పదమూడు మంది వైపూ చూశాను. ఎవరూ తల ఎత్తలేదు. నా పక్క కుర్చీలో కూర్చునే పుష్పావతి మాత్రం మెల్లగా కాగితం పిన్ను కొట్టి నా చేతికి ఇచ్చింది.

"వాక్యం తప్పని చెప్పకు," అన్నాడు ఉదయ్ కుమార్, ఈసారి గొంతు తగ్గించి. "యంత్రం చూసింది సరిగ్గానే చూసినాది. మాట మనమిచ్చింది."

"అదే చెప్పబోతాండా అన్నా."

ఎస్సై పట్టీ మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివాడు. వేటకొడవలి, పనిముట్టు. పార, పనిముట్టు. కింద నా పేరు. తేదీ. నాయన చెయ్యి తెగడానికి తొమ్మిది రోజుల ముందు.

"ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు?"

"భయపడినా సార్."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ భయమే సార్. రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. ఆ వారంలోనే చిన్నాయన పొలంలో ఎండిన బావిలోకి మనుషుల్ని దించి వెతికిస్తే వేటకొడవలి దొరికింది. కేసు మళ్లీ హత్యాయత్నం అయ్యింది. చిన్నాయనను తీసుకుపోయేటప్పుడు అంజనమ్మ మా వాకిట్లోకి వచ్చి పిడికెడు మట్టి ఎత్తి మా గడప మీద పోసి, నోటికొచ్చినట్టు తిట్టి పోయింది. మేము ఎవరమూ బయటకు రాలేదు. ఆ వేసవిలో ఆ మోటారు మళ్లీ ఎవరూ వేయలేదు. చెట్లు, వాళ్లవీ మావీ, కలిసే ఎండాయి.

నన్ను ఆ రోజే తీసేశారు. ఆఫీసు మాత్రం మూయలేదు. కోసే వస్తువులకు వేరే మాట పెట్టారని, దానివల్ల సెకనులో ఐదో వంతు ఆలస్యమైందని పుష్పావతి ఫోను చేసి చెప్పింది.

నాయనకు ఇవన్నీ అన్న చెప్పాడో, అమ్మ చెప్పిందో. నేను చెప్పలేదు. కొట్టిన రోజు ఆయన ఎంత విన్నాడో కూడా నాకు తెలియదు. ఎడమ చేత్తో తినడం ఇంకా కుదరలేదు ఆయనకు. పూట పూటా నేనే సంగటి ముద్దలు చేసి నోట్లో పెట్టేదాన్ని. జూన్ ఆఖరులో ఒక మధ్యాహ్నం, ఊరుబిండి పచ్చడి అద్ది ముద్ద పెడుతూ అడిగాను.

"నాయనా, అది కొడవలి అని చెప్పింటే నువ్వు తప్పించుకునేవాడివా?"

నాయన నమలడం ఆపలేదు. మింగాడు.

"షెడ్డులోకి దూరి గడియ పెట్టుకునేవాణ్ని. మూడడుగులే కదా."

"అయితే నా తప్పు ఉండాదా?"

ఆయన లేదంటాడని నేను అడిగాను. నెల రోజులుగా ఆ లేదు అనే మాట కోసమే ఆయన చుట్టూ తిరిగాను.

"ఉండాది," అన్నాడు నాయన. "తాళం ఏసింది నా తప్పు. నరికింది తిప్పన్న తప్పు. నడిమిట్లో నీది ఉండాది, చిన్నదే గానీ ఉండాది. లేదని చెప్పినాననుకో, నువ్వు నమ్మవు. నమ్మినట్ల నటిస్తావు. మనిద్దరికీ అదెందుకు?"

నాకు ఏడుపు వచ్చింది. మంచి చెవిలో నా ఏడుపు నాకే పెద్దగా వినపడింది. నాయన నేను ఆపేవరకు నోరు తెరవకుండా, ముఖం నా వైపు తిప్పుకుని, అట్లే కూర్చున్నాడు. ఆ తర్వాత నోరు తెరిచాడు.

నేను ముద్ద పెట్టాను.